ఓడ మామగారిది, కళాసీలం మేము

ఇంట్లో ఒకరు సంగీతం నేర్చుకుంటుంటే మిగతావాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుని ఎలాగో నెట్టుకురావచ్చు. అదే ఒకరు చెక్క ఓడ కట్టడం మొదలుపెడితే మాత్రం తప్పించుకునే దారి లేదు. జీతం భత్యం లేని కళాసీలుగా ఇంటిల్లిపాదీ చేరిపోవాల్సిందే. మా ఇంటి సరంగు మా మామగారు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ ఎక్కిన యుద్ధనౌక హెచ్.ఎం.ఎస్. విక్టరీని 72వ వంతుకి కుదించి భోజనాల బల్ల మీద కట్టడం, రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న పని. భోజనాల బల్ల అన్నది దాని పాత పేరనుకోండి. ఇప్పుడు మేం ఒళ్ళో కంచాలు పెట్టుకుని తింటున్నాం.

చెక్కపని నడిచినన్నాళ్ళూ నష్టం సామాన్లతో పోయింది. వెన్నుకొయ్య మీద అడ్డంగా పలకలు నిలబెట్టి, వాటి మీద సన్నటి చెక్కపట్టీలు ఒక్కొక్కటే అతికించుకుంటూ రావాలి. జిగురు ఆరేదాకా పట్టీ కదలకుండా ఉండాలంటే బట్టల క్లిప్పులు కావాలి. దాంతో మా బట్టలు తీగ మీద ఆరడం మానేసి పక్కింటివాళ్ళ చెట్టు మీద ఆరేవి. ఓడ ముక్కు దగ్గర పట్టీ గుండ్రంగా తిరగాలి కదా, నానబెట్టి వేడి తగిలిస్తే గానీ వంగదు. ఆ వేడి కోసం మా ఆవిడ జుట్టు వంకీలు తిప్పుకునే పరికరం మాయమైంది. అది తిరిగొచ్చాక ముస్తాబై ఆఫీసుకి వెళ్తే, "మీ ఇంట్లో ఫర్నిచర్ చేయిస్తున్నారా?" అని అడిగారట పక్క సీటావిడ.

"ఎప్పటికవుతుందండీ ఇది?" అంది అత్తగారు ఓ రోజు.

"నిజం విక్టరీకి 1759లో పని మొదలుపెడితే 1765లో నీళ్ళలోకి దిగింది. సేవలోకి తీసుకున్నది 1778లో. ఓడల దగ్గర తొందర పనికిరాదు."

ఆవిడ వేళ్ళ మీద లెక్కేసుకుంది. "అంటే ఇంకా పంతొమ్మిదేళ్ళు ఒళ్ళో కంచాలేనా?"

తొందరపడితే ఏమవుతుందో చెప్పడానికి మామగారు వాసా కథ ఎత్తుకున్నారు. స్వీడన్ రాజుగారి యుద్ధనౌక అది. 1628లో స్టాక్‌హోం నుంచి మొదటిసారి బయల్దేరి, కిలోమీటరున్నరైనా పోకముందే రేవులోనే మునిగిపోయింది. ఫిరంగులూ గిరంగులూ పెట్టి పైన బరువెక్కువ చేశారు, కింద ఆ బరువుని ఆపే దన్ను లేదు. అంతా శ్రద్ధగా విని అత్తగారు, "మునిగితే మునిగింది గానీ, కిలోమీటరు దూరమైనా కదిలిందిగా!" అని లోపలికెళ్ళిపోయింది.

ఇదంతా ఒక ఎత్తు, తాళ్ళ పని ఒక ఎత్తు. నిజం ఓడకి దాదాపు 42 కిలోమీటర్ల తాడు పట్టిందని చెబుతారు. 72తో భాగించి చూసుకోండి, దగ్గర దగ్గర 580 మీటర్ల దారం. దాన్ని తేనెమైనం మీద లాగి నూగు అణచాలి. స్తంభాలని నిలబెట్టే తాళ్ళు నల్లగా ఉండాలి, ఎందుకంటే అసలు ఓడలో వాటికి తారు పూసేవారు. తెరచాపలనీ, అవి వేలాడే అడ్డకొయ్యలనీ ఆడించేవి లేత రంగులో ఉండాలి. స్తంభాన్ని పక్కలకి లాగిపట్టే ష్రౌడ్లని ఓసారి కుడివైపు జత, ఓసారి ఎడమవైపు జత చొప్పున కట్టుకురావాలి. ఒకే వైపు బిగిస్తూ పోతే స్తంభం అటే ఒరుగుతుంది. ఈ సంగతి మామగారు నాకు ఓసారి చెప్పి ఊరుకోలేదు, సెలవు దొరికినప్పుడల్లా చెబుతారు.

ఆ ష్రౌడ్లకి అడ్డంగా నావికులు ఎక్కే తాళ్ళ మెట్లుంటాయి. మెట్టుకీ మెట్టుకీ మధ్య అయిదు మిల్లీమీటర్లు. దారం దారాన్ని దాటిన ప్రతిచోటా ఒక క్లోవ్ హిచ్ ముడి పడాలి. మెట్లు వంకర పోకుండా, గీతలు గీసిన అట్టముక్కని వెనకాల పట్టుకోవడం నా ఉద్యోగం. అల్లుణ్ణి కదా, మర్యాదకేం లోటు లేదు. "అల్లుడుగారూ, కాస్త ఊపిరి బిగపట్టండి" అని బతిమాలుతూనే పని చేయించుకుంటారు. తుమ్మొచ్చేటట్టుంటే ముందుగా తెలియజేసుకోవాలి.

నెపోలియన్ యుద్ధాల కాలంలో ఇంగ్లండులో చెరలో ఉన్న ఫ్రెంచి ఖైదీలు, తిండిలో మిగిలిన ఎముకలతో ఓడ బొమ్మలు చెక్కి అమ్ముకునేవారనీ, వాటిలో కొన్నింటికి వెంట్రుకలనే తాళ్ళుగా వాడారనీ ఓ సాయంత్రం ఆయన సరదాగా చెప్పారు. అత్తగారు మాట్లాడకుండా జడ ముడేసుకుని కొంగు కప్పుకుంది.

ఇక కప్పీల సంగతి. తాడు దిశ మార్చాల్సిన చోటల్లా ఓ కప్పీ ఉండాలి. నిజం ఓడ మీద జానెడుండే కప్పీ మా బల్ల మీదికొచ్చేసరికి మూడు మిల్లీమీటర్లు. అందులో మళ్ళీ చిల్లు, చుట్టూ దారం పట్టే గాడి. ట్వీజర్లతో కాస్త ఎక్కువ నొక్కితే ఎగిరి చక్కా పోతుంది. అందుకని ఆ గదిలో ఊడవడం నిషిద్ధం. చీపురు గుమ్మం దాటకూడదు, చెప్పులు అడుగులు చూపించి మరీ బయటికి రావాలి.

ఆ మధ్యాహ్నం ముందు స్తంభం అడ్డకొయ్యకి బ్రేస్ తాడు వేస్తున్నారు. కుడివైపు తాడు కప్పీలన్నిట్లోంచీ దూర్చి, కొస ఇంకా ఖీలకి కట్టకుండా బల్ల అంచున వేలాడదీశారు. ఎడమవైపు తాడుకి కప్పీ పట్టుకోబోయేంతలో 'టిక్' మంది.

"ఎవరూ కదలకండి!"

కదల్లేదు. మా ఆవిడ ఒంటికాలి మీద ఉండిపోయింది. మామగారు టార్చిని నేల మీద పడుకోబెట్టి వెలిగించారు. ఆ ఏటవాలు వెలుగులో ఎంత చిన్న నలుసుకైనా బారెడు నీడ పడుతుంది. ఉపాయం మంచిదే. కాకపోతే ఊడవని గది కాబట్టి నేలంతా నీడలే. ఒక్కో నీడ దగ్గరికీ దోగాడుతూ వెళ్ళి, అది కప్పీ కాదని తేల్చుకుని, పక్క నీడకి పోవాలి.

నడుములు పడిపోయాక వాక్యూమ్ క్లీనర్ తెమ్మన్నారు. గొట్టం మూతికి మేజోడు తొడిగి రబ్బరు బ్యాండు వేస్తే దుమ్ము లోపలికి పోతుంది, చిన్న వస్తువులు గుడ్డకి అతుక్కుని బయటే ఆగుతాయి. మేజోడు మా ఆవిడ ఎంచి తెచ్చింది, నాదే. బొటనవేలి దగ్గరున్న చిల్లుని ఎవరూ పట్టించుకోలేదు. గొట్టం మావాడి చేతికిచ్చారు. వాడు నేలంతా తిప్పి, హుషారెక్కి, బల్ల అంచుదాకా పోనిచ్చాడు.

చిల్లులోంచి బ్రేస్ కొస సర్రున లోపలికి పోయింది. దారం ఒక్కో కప్పీ దాటుకుంటూ గొట్టంలోకి పరిగెత్తింది. అడ్డకొయ్య కుడికొన వెనక్కీ, ఎడమకొన ముందుకీ గంభీరంగా తిరిగాయి. గాలి మారిందని ఎవరో కేకేసినట్టే ఓడ సర్దుకుంది.

"ఆపరా!" అని అరిచాను.

"ఆపకు!" అన్నారు మామగారు.

ఆయన మొహం వెలిగిపోతోంది. బ్రేస్ ఉన్నదే అందుకట, అడ్డకొయ్యని గాలివాటుకి తిప్పడానికి. దారం సరిగ్గా దూర్చానా లేదా అని నిద్రపట్టక దొర్లుతున్నారట. ఇప్పుడు యంత్రమే పరీక్ష పెట్టి పాస్ చేసింది. కొయ్యని మెల్లగా యథాస్థానానికి తెచ్చి, అత్తగారిని పిలిచి, "చూడు, ఇంకోసారి లాగిస్తా" అన్నారు. మావాడికి ఇంతకంటే ఏం కావాలి? గొట్టం పూర్తి జోరు మీద పెట్టాడు.

ఈసారి కొయ్య తిరిగింది, ఆగింది, టప్పున ఊడి కింద పడింది. కొయ్యని స్తంభానికి కట్టిన ముడి దగ్గర దారం పుల్లలా విరిగింది. ముడికి నీళ్ళు కలిపిన తెల్ల జిగురే వాడాలి, సూపర్ గ్లూ పోస్తే దారం బిరుసెక్కి విరుగుతుంది అని మాకు అన్నిసార్లు పాఠం చెప్పిన పెద్దమనిషి, ఆ ఒక్క ముడికీ తొందర్లో సూపర్ గ్లూ పోశారని అప్పుడు బయటపడింది.

"ఓడల దగ్గర తొందర పనికిరాదండీ" అంది అత్తగారు. ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ కాచుకున్నట్టుంది.

మింగిన దారం కోసం దుమ్ము సంచీ విప్పి పేపరు మీద బోర్లించాం. అందరం మూగి అగ్గిపుల్లలతో కెలికాం. బ్రేస్ దారం బూజుతో పెనవేసుకుని ఉండగా దొరికింది. ఎప్పుడో పోయిన కప్పీలు రెండు, ఒక ఫిరంగి, ష్రౌడ్లు బిగించడానికి వాడే మూడు చిల్లుల చెక్కబిళ్ళ, అదే డెడ్‌ఐ, ఒకటి బయటపడ్డాయి. అసలు వెతికిన కప్పీ లేదు గానీ, అడుగున ఏదో తళుక్కుమంది. మామగారు ట్వీజర్లతో ఎత్తి వెలుగులో తిప్పి చూసి, "ఇది విక్టరీది కాదే" అన్నారు.

అది అత్తగారి దుద్దు శీల. పెళ్ళిలో ఎవరో కొట్టేశారని ఆవిడ చుట్టాలందరి మీదా అనుమానాలు పెట్టుకున్న శీల. ఆవిడ కాసేపు ఆ శీలనీ, కాసేపు నేలనీ చూసి, కొంగు బిగించి చెయ్యి చాపింది. "ఏదీ, ఆ టార్చి ఇలా ఇవ్వండి."

ఇప్పుడు కప్పీ ఎగిరిందంటే అందరికంటే ముందు నేల మీద వాలేది ఆవిడే. మామగారు జాగ్రత్తగా ట్వీజర్లు పట్టుకుంటే, "మరీ అంత మెల్లగా అయితే ఎలాగండీ, కాస్త నొక్కండి" అంటుంది. గొలుసు లాకెట్టు ఇంకా దొరకాలట.