సోచిమిల్కోలో పర్యాటకుడికి జరుగుతున్న ఘోర అన్యాయం

మెక్సికో సిటీకి దక్షిణాన సోచిమిల్కో అనే చోట పర్యాటక జాతికి ఘోరమైన అన్యాయం జరుగుతోంది. దీని మీద ఇంతవరకు ఏ ప్రభుత్వమూ కమిటీ వేయలేదు, ఏ పార్టీ ధర్నాకు కూర్చోలేదు. అక్కడి రైతు కుటుంబాలు కొన్ని కూడబలుక్కుని, మా ఊరు మేమే చూపిస్తాం, మా తిండి మేమే పెడతాం, మా పడవ మేమే నడుపుతాం అంటూ టూర్లు మొదలుపెట్టాయి. వినడానికి బాగుంది, బ్రోచర్లో చదివితే ఇంకా బాగుంది. "కమ్యూనిటీ" అని కనిపిస్తే చాలు, మనలాంటి సున్నిత మనస్కులు ధరైనా చూడకుండా కార్డు తీసేస్తారు. తీరా అక్కడికి వెళ్లాక తెలుస్తుంది, వాళ్లు నిజంగానే వాళ్లంతట వాళ్లే నడుపుతున్నారని. పర్యాటక రంగంలో ఇంత పచ్చి మోసం మరెక్కడా చూడం.

అసలు సోచిమిల్కోను చూడాల్సిన పద్ధతి ఒకటుంది. నతివితాస్ లాంటి పెద్ద రేవుకు మధ్యాహ్నం తీరిగ్గా వెళ్లాలి. అక్కడ త్రహినేరాలు, అంటే అడుగు చదునుగా ఉండే రంగురంగుల పడవలు, వందల కొద్దీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడి ఉంటాయి. ఒక్కోదాని నెత్తిన ఒక్కో ఆడపిల్ల పేరు. మధ్యలో బల్ల, చుట్టూ కుర్చీలు. గంటకు పడవ మొత్తానికి ఇంత అని బోర్డు మీద రాసే ఉంటుంది, అయినా మనిషికింత అని అడిగే మహానుభావులు ఉంటారు. అదీ సంస్కృతిలో భాగమే అనుకుని సర్దుకుపోవాలి. పక్కనుంచి ఇంకో పడవ వస్తుంది, అందులో మరియాచి వాద్యగాళ్లు, పాటకింత అని రేటు. మరో పడవలో ఉడికించిన మొక్కజొన్న కంకికి మయొనీజ్ పూసి, చీజ్ తురుము, కారం చల్లి ఇస్తారు. ఇంకో పడవలో బీరు. 2019లో ఒక యువకుడు ఇక్కడ నీళ్లలో పడి చనిపోయాక మందు మీద హద్దులు పెట్టారు, లైఫ్ జాకెట్లు తెచ్చారు. అంతకుమించి మన ఆనందానికి అడ్డొచ్చేవాళ్లు లేరు. ఈ కాలువ ఎవరు తవ్వారు, ఈ నీళ్లు ఎక్కడివి అని ఒక్కరూ అడగరు. సెలవు అంటే అదీ.

సంఘం వాళ్ల టూరు దీనికి పూర్తిగా తలకిందులు. మొదటి నేరం టైము. తెల్లవారకముందే క్వెమాంకో రేవుకు రమ్మంటారు. మెక్సికో అనగానే ఎడారి, టోపీ, ఎండ అనుకుని పల్చటి చొక్కా వేసుకెళ్లినవాడికి అక్కడ పళ్లు టకటకలాడతాయి, ఎందుకంటే ఆ నగరం సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది. పడవకు మోటారు లేదు. పడవవాడు ఒక పొడుగాటి గెడను నీటి అడుగుకు దించి, దాని మీద ఒరిగి తోస్తాడు. స్పీకరు లేదు. పాటలు పెట్టమంటే కొంగలు లేచిపోతాయంటాడు. డబ్బు కట్టింది మనమా కొంగలా అని అడగబోయి, ఆ చలిలో నోరు తెరవలేక ఊరుకోవాల్సి వస్తుంది.

రెండో నేరం ఇంకా దారుణం. ఆ కాలువల పక్కన ఉన్నవి "తేలే తోటలు" అని ప్రపంచమంతా నమ్ముతోంది. పడవ కాస్త కదిలిందో లేదో, అవేమీ తేలవండీ అని వీళ్లే చెప్పేస్తారు. లోతు తక్కువున్న సరస్సులో బురద, పిచ్చిమొక్కలు పొరలు పొరలుగా వేసి మడిని నీటి పైకి లేపారట. అదే చినాంపా. గట్టు జారిపోకుండా చుట్టూ అవెహోతె చెట్లు నాటారట, వాటి వేళ్లే మట్టిని పట్టుకుని ఉంటాయట. స్పెయిన్ వాళ్లు రాకముందు అజ్టెక్కుల రాజధానికి తిండి పెట్టింది ఇవేనట, ఏడాదికి పంట మీద పంట. ఎంతో గొప్ప విషయమే, ఎవరు కాదన్నారు? కానీ తేలే తోట చూద్దామని విమానమెక్కి వచ్చినవాడికి, ఇది తేలదు అని చెప్పడానికి నోరెలా వస్తుంది? తేలకపోతే పోయింది, కాసేపు తేలుతున్నట్టు నటించవచ్చు కదా. మర్యాద అంటే ఆపాటి ఉండాలి.

తర్వాత మడి మీద దించుతారు. ఒక పెద్దాయన పొడుగాటి కర్ర చివర కట్టిన సంచితో కాలువ అడుగునుంచి నల్లటి బురద తోడి, మడి పక్కన రొట్టెలా పరుస్తాడు. అది కాస్త ఆరి గట్టిపడ్డాక కత్తితో నిలువూ అడ్డమూ గీస్తాడు. చిన్న చిన్న చదరాలు తయారవుతాయి. ఒక్కో చదరంలో వేలితో గుంట చేసి, ఒక విత్తనం వేసి, పైన పొడి ఎరువు చల్లుతాడు. మొలక వచ్చాక చదరం చదరంగా తీసి మడిలో పెడతారు, వేరు కదలదు. వందల ఏళ్ల నాటి నారుమడి ఇది, ప్లాస్టిక్ ట్రేల అవసరమే లేదు. ఆయన అక్కడితో ఆగడు. "మీరు కూడా రండి" అంటాడు! అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మన పెద్దలు ఊరికే అన్నారా? వీళ్లు డబ్బు పుచ్చుకుని మరీ తొక్కిస్తారు. సెల్ఫీ తీసుకుందామంటే రెండు చేతులకూ బురదే.

ఇక తిండి. ఈ విషయంలో అభియోగం కాస్త నీరసంగా ఉంటుంది, క్షమించాలి. మొక్కజొన్నను సున్నం నీళ్లలో ఉడికించి, కడిగి, రుబ్బిన నీలిరంగు ముద్ద ఒకటి పక్కన ఉంటుంది. వంట చేసే ఆవిడ నిమ్మకాయంత తీసుకుని, మధ్యలో చిక్కుడు గింజల ముద్ద పెట్టి, రెండు అరచేతుల మధ్య తప్పటలు వేస్తూ రెండు కొసలూ సన్నగా సాగేలా కోలగా చేస్తుంది. మట్టి పెనం మీద పడేయగానే కాలిన మొక్కజొన్న వాసన లేస్తుంది. పైన నాగజెముడు ముక్కలు, ఉల్లిపాయ, కొత్తిమీర, పచ్చి సాల్సా, అంటే వాళ్ల కారం పచ్చడి. దీన్ని త్లకోయో అంటారు. ఒకటి తిన్నవాడు రెండోది అడగడం సహజమే కాబట్టి ఆ సంగతి ఫిర్యాదులో రాయడం లేదు.

కానీ దాంతోపాటు పెట్టే ఆకుకూరల మాటేమిటి? ఇంతింత ఖర్చుపెట్టుకుని, సముద్రాలు దాటి పోతే, పళ్లెంలో ప్రత్యక్షమయ్యేది ఏమిటయ్యా అంటే గంగవాయిలి కూర. పక్కన తోటకూర. అదే జాతి తోటకూర గింజలను వేయించి, తేనె కలిపి అచ్చులు పోస్తారు, పక్కనే ఉన్న తుల్యెవాల్కో ఊరు దానికి పేరుమోసింది. ఇంట్లో అమ్మ వండితే "ఇవాళా కూరేనా" అని లేచిపోయినవాళ్లు ఇక్కడ ఫొటో తీసి "సూపర్ ఫుడ్" అని పోస్టు పెడతారు. నాగజెముడు సంగతి సరేసరి. మన వైపు చేలగట్ల మీద మేకలు కూడా దూరంగా నడిచే ముళ్లచెట్టును ఇక్కడ గీరి, తరిగి, కాల్చి తింటారు.

మనవాళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. మొన్నమొన్నటిదాకా అమెరికాలోని తెలుగువాళ్లు మెక్సికోకు వెళ్లేది ఎక్కువగా వీసా స్టాంపింగ్ కోసం. పాస్‌పోర్టు కాన్సులేటులో ఇచ్చి, అది తిరిగొచ్చేదాకా టెన్షన్ తట్టుకోలేక ఏదో ఒక టూరు బుక్ చేసుకునేవాళ్లు. బ్యాగులో మాత్రం ఆవకాయ, కందిపొడి, అదనపు జాగ్రత్తగా పావుకిలో గుంటూరు కారం. మిరపకాయను మొట్టమొదట పండించుకున్న దేశానికి కారం మోసుకెళ్లే ధైర్యం ప్రపంచంలో మనకొక్కరికే ఉంది. పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చి ఇచ్చేదాకా మనం మిరియాలతో నెట్టుకొచ్చిన సంగతి ఆ పడవ మీద ఎవరికీ గుర్తుండదు. పైగా సాల్సా రుచి చూసి, "పర్వాలేదు గానీ, కారం కాస్త తక్కువైంది" అని తీర్పు చెబుతారు. ఆతిథ్యం ఇచ్చినావిడ ఏమీ అనదు. లోపలికెళ్లి ఇంకో గిన్నె తెస్తుంది. ఆ గిన్నె తర్వాత మనవాడు చాలాసేపు మాట్లాడడు.

ఆ మౌనాన్ని అదనుగా తీసుకుని వాళ్లు నీళ్ల గురించి ఎత్తుకుంటారు. అన్నిటికంటే పెద్ద నేరం ఇదే, తింటున్నవాడికి చరిత్ర చెప్పడం. ఒకప్పుడు ఇక్కడ ఊటలు పొంగేవట. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ ఊట నీళ్లను నగరానికి తరలించారు. నగరం తాగింది, పెరిగింది, ఇంకా తాగింది. ఊటలు ఎండాయి. ఇప్పుడు కాలువల్లోకి వదిలేది చాలావరకు నగరం వాడిపారేసి, శుద్ధి చేసి పంపిన మురుగునీరు. ఇందులో తప్పేముంది? తీసుకున్నది తిరిగి ఇచ్చారు కదా. కాస్త రంగు మారి ఉండొచ్చు. భూమి కింద నీళ్లు తోడీ తోడీ ఆ నగరం కొన్ని చోట్ల ఏడాదికి అర మీటరు దాకా కుంగుతోంది. 2017 జనవరిలో ఒక కాలువ అడుగున పెద్ద బొక్క పడి, నీళ్లు అందులోకి జారిపోయి, పడవలు బురదలో కూర్చున్నాయి. నీళ్లు పోతాయేమోనని దగ్గర్లోని శాన్ గ్రెగోరియో అట్లపుల్కో జనం 2022లో డ్రైనేజీ పనులకు అడ్డం నిలబడితే పోలీసులు దిగారు. సర్టిఫికెట్లకు మాత్రం లోటు లేదు. 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వం అంది, 2004లో ఆ చిత్తడి నేలలు రామ్‌సర్ జాబితాకు, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల పట్టికకు ఎక్కాయి. ఫ్రేము కట్టించుకుంటే గోడ నిండుతుంది. కాలువ నిండకపోతే అది వేరే శాఖ చూసుకోవాలి.

ఆక్సోలోటల్ కథా అంతే. చెవుల దగ్గర ఈకల్లాంటి మొప్పలతో, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే నీటి జీవి, కాలు తెగినా మళ్లీ మొలిపించుకుంటుంది. 1998లో ఈ కాలువల్లో చదరపు కిలోమీటరుకు 6,000 దాకా ఉన్నాయని లెక్క. 2014కు 36. మధ్యలో, జనానికి చౌకగా చేపలు దొరకాలని వదిలిన కార్పులు, తిలాపియాలు వాటి గుడ్లను, పిల్లలను తినేశాయి, మురుగు మిగతా పని చూసుకుంది. కానీ బెంగపడక్కర్లేదు. 2021లో దాని బొమ్మ 50 పెసోల నోటు మీద వేశారు. నోటు ఎంత ముద్దుగా ఉందంటే, జనం ఖర్చుపెట్టకుండా దాచుకుంటున్నారు. ఆ దేశంలో ఆక్సోలోటల్‌ను ఎంత శ్రద్ధగా కాపాడతారో చూడాలంటే కాలువ కాదు, పర్సు తెరవాలి. యూనివర్సిటీ జీవశాస్త్రవేత్తలు మాత్రం ఇంకా పాత పద్ధతిలోనే ఉన్నారు. రైతులతో కలిసి, చినాంపాల పక్క చిన్న కాలువలకు వడపోత అడ్డుకట్టలు కట్టి, నీరు తేటపడితే ఇవి బతుకుతాయని పని చేస్తున్నారు. దానికోసం ఆన్‌లైన్లో ఆక్సోలోటల్‌ను దత్తత తీసుకోవచ్చు, దానికి ఒక పూట భోజనం పెట్టించొచ్చు. మన టూరులో ఒకదాన్ని పట్టి చూపించమంటే మాత్రం, ఇక్కడున్నవాటిని కదపం అంటారు. దాతకు దర్శనం లేని దేవస్థానం ఇదొక్కటే.

ఒక విషయంలో మాత్రం ఊరి వాళ్లలో కొందరిని మెచ్చుకోవాలి. 20,000కు పైగా ఉన్న చినాంపాల్లో ఐదో వంతు కూడా సాగులో లేవు. మిగిలినవాటిలో కొన్నిటిని చదును చేసి ఫుట్‌బాల్ గ్రౌండ్లు చేశారు, కొన్ని పార్టీలకు అద్దెకిస్తున్నారు. లెక్క సులువే. తెల్లవారుజామున నడుం వంచి పండించిన పాలకూరను హోల్‌సేల్ మార్కెట్లో అడిగిన ధరకు ఇచ్చి రావాలి, గ్రౌండుకైతే గంట చొప్పున అద్దె చేతికొస్తుంది. నడుం నొప్పి ఉండదు. పిల్లలు నగరంలో ఉద్యోగాలకు వెళ్తున్నారంటే తప్పెవరిది? ఈ టూర్లు నడిపేవాళ్ల వాదన వింటే నవ్వొస్తుంది. మీరిచ్చే డబ్బుతో ఇంకో మడి సాగులోకి వస్తుంది, ఒక కుర్రాడు ఊళ్లో ఉంటాడు, అందుకే ధర తగ్గించం, అందుకే టైము మాది, అందుకే నీళ్ల సంగతి వినాల్సిందే అంటారు. అంటే మనం కొన్నది టిక్కెట్టు కాదు, బాధ్యత. బుకింగ్ పేజీలో ఈ ముక్క అక్షరం కూడా లేదు.

కాబట్టి పర్యాటకుల తరఫున డిమాండ్లు ఇవి. సూర్యోదయాన్ని పది గంటలకు మార్చాలి. చినాంపాలు కనీసం శని, ఆదివారాల్లోనైనా తేలాలి. బురదను తాకే అవసరం లేకుండా చూపించాలి. నీళ్ల కథ చెప్పి తీరాలంటే త్లకోయో పూర్తయ్యాక, మేము రేవు దాటి వెళ్లిపోయాక చెప్పుకోవాలి. వీటికి ఒప్పుకోకపోతే మా దగ్గర ఇంకో పథకం ఉంది. మేమే సంఘం పెట్టుకుని, మా నాయకత్వంలో టూరు నడుపుతాం. ఆ ఊరి రైతులు కూడా రావచ్చు, వాళ్ల కాలువను వాళ్లకే చూపిస్తాం, స్థానికులు కాబట్టి పది శాతం తగ్గింపు కూడా ఇస్తాం. వంటకు ఆవిడే రావాలి, ఆ పిండి మా చేతుల్లో కోలగా సాగదు. గెడ వేయడానికి కూడా వాళ్లలోంచే ఒకరిని పంపాలి. ఒకసారి ప్రయత్నించి చూశాం, పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది.