530003 ప్రధాన సంఖ్యేనా? తేల్చుకునే దారులు

విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం పిన్‌కోడ్ 530003. చూపులకు ప్రధాన సంఖ్యలాగే ఉంటుంది. 3తో పోదు. 7తో భాగిస్తే శేషం 5, 11తో 1, 13తో 6. దాని వర్గమూలం 728 పైచిలుకు కాబట్టి, అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. 112 సంఖ్యలకు లొంగకుండా 113వదైన 617 దగ్గర తెగుతుంది: 617 × 859.

ఇంత భాగహారం లేకుండానే ఇది ప్రధానం కాదని తేల్చవచ్చు. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం p బేసి ప్రధాన సంఖ్య అయితే, p−1 రెండ్లను గుణించి pతో భాగిస్తే శేషం 1 రావాలి. 530003కి 375556 వస్తుంది. కారణాంకం ఒక్కటీ తెలియకుండానే సంయుక్త సంఖ్య అని రుజువైంది. పనీ తక్కువే: 19 సార్లు వర్గం చేయడం, అవసరమైన చోట రెట్టించడం, ప్రతి మెట్టులో శేషం తీసుకోవడం. ప్రోగ్రాములు దెబ్బతినేది ఇక్కడే. 530002 వర్గం 28 వేల కోట్లు దాటుతుంది. ధన, రుణ విలువలు రెండూ పట్టే మామూలు 32 బిట్ల పూర్ణాంకంలో 214 కోట్ల 74 లక్షలకు మించి పట్టదు. ప్రోగ్రాం ఆగదు, తప్పు శేషం చూపిస్తుంది. 64 బిట్లు వాడాలి.

శేషం 1 వస్తే మాత్రం తొందరపడకూడదు. 341 = 11 × 31 అయినా 2తో పరీక్షిస్తే 1 వస్తుంది. మిల్లర్-రాబిన్ పరీక్ష ఇంకాస్త గట్టిది: ఏ బేసి సంయుక్త సంఖ్యయినా యాదృచ్ఛికంగా ఎంచుకున్న ఒక ఆధారానికి (పరీక్షలో 2 స్థానంలో తీసుకునే సంఖ్య) దొరక్కుండా పోయే అవకాశం నాలుగో వంతుకు మించదు. అలాంటి ఆధారాలు 20 వాడితే లక్ష కోట్లలో ఒకటికన్నా తక్కువ.

2024 అక్టోబరులో అమెరికన్ పరిశోధకుడు లూక్ డ్యూరాంట్ కనుగొన్న రికార్డు సంఖ్యకు (అప్పటికి తెలిసిన ప్రధాన సంఖ్యల్లో అతి పెద్దది) 4,10,24,320 అంకెలు. 13,62,79,841 రెండ్లను గుణించి 1 తీసేస్తే వచ్చేది అది. అన్ని అంకెలా అని ఆశ్చర్యపోవడంతోనే చర్చ ముగిసింది. నా దృష్టిలో దాన్ని ఖరారు చేసిన తీరే ఎక్కువ విలువైనది. ముందు ఫెర్మా తరహా పరీక్షలో బయటపడింది, తర్వాత వేరే యంత్రాలపై లూకాస్-లేమర్ పరీక్షతో రూఢి చేశారు. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసి, పరీక్షించే సంఖ్యతో భాగించిన శేషం రాసుకుంటూ పోవాలి. 7 రెండ్లను గుణించి 1 తీసేస్తే వచ్చే 127కు 4, 14, 67, 42, 111, 0. చివర సున్నా వచ్చింది కాబట్టి ప్రధానం. 42 దగ్గర పొరపాటున 43 పడిందనుకోండి, తర్వాత 69, ఆపైన 60. నిక్షేపంలాంటి ప్రధాన సంఖ్య చేజారినట్టే. రికార్డు సంఖ్యకు ఇలాంటి మెట్లు 13,62,79,839. ఒక్క బిట్ తారుమారైనా అంతే సంగతులు. అందుకే ఫెర్మా తరహా పరీక్ష నడుస్తుండగానే తప్పుల్ని పట్టే గెర్బిట్జ్ తనిఖీకి అంత విలువ.

ఇంత పెద్ద సంఖ్యలు బ్యాంకు లావాదేవీలను కాపాడతాయన్నది అపోహ. సమాచారాన్ని రహస్య రూపంలోకి మార్చే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో 2048 బిట్ల తాళంచెవికి వాడే రెండు ప్రధాన సంఖ్యలకు ఒక్కోదానికి దాదాపు 309 అంకెలే. వాటిని అప్పటికప్పుడు వెతికి రహస్యంగా ఉంచుతారు. ఆ పరిమాణంలో సుమారు 355 బేసి సంఖ్యలకు ఒకటి ప్రధానం, కాబట్టి వెతుకులాట క్షణాల పని.

విశాఖ ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ప్రధాన సంఖ్యల ప్రోగ్రాం రాయించినప్పుడు 7, 15లతో సరిపెట్టకూడదు. 530003 ఇచ్చి, శేషం 375556 వస్తోందా అని చూస్తే 32 బిట్ల లోపం బయటపడవచ్చు. 341 ఇస్తే 2 ఒక్కదానితో చేసే ఫెర్మా పరీక్ష బోల్తా పడుతుంది. 561తో ఉమ్మడి కారణాంకం లేని ఏ ఆధారం తీసుకున్నా ఆ పరీక్ష మోసపోతుంది. 2047 = 23 × 89 అయితే 2 ఆధారంగా చేసిన మిల్లర్-రాబిన్‌నూ దాటేసి, 3 దగ్గర దొరికిపోతుంది.