37 సీట్లు వస్తే గెలిచినట్టేనా?

మా బాబాయి ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ పెట్టారు. పైన ఎర్ర అక్షరాల్లో "ప్రజాస్వామ్యం హత్య", కింద నెదర్లాండ్స్ జెండా. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: 2023 ఎన్నికల్లో వలసల వ్యతిరేక నాయకుడు గీర్ట్ విల్డర్స్ గెలిస్తే ఆయన్ని ప్రధాని కానివ్వలేదట. రాజుగారు ఎన్నికల్లో నిలబడని ఒక ఆఫీసర్ని తెచ్చి కూర్చోబెట్టారట. అక్కడ 541 రోజులు ప్రభుత్వమే లేకపోయినా దేశం హాయిగా నడిచిందట. జనం ఓటేసేది ఒకరికైతే, తలుపులు మూసుకుని కుర్చీలు పంచుకునేది ఇంకొకరట. ఇదే మెసేజ్ ఇంకో రెండు గ్రూపుల్లోనూ కనిపించింది. విల్డర్స్ రాజకీయం మంచిదా చెడ్డదా అన్న గొడవలోకి నేను పోవడం లేదు. నాకు పేచీ లెక్కతోనే.

"గెలిచాడు" అన్న మాట దగ్గరే తప్పు మొదలైంది. 2023 నవంబరు 22న జరిగిన ఎన్నికలో విల్డర్స్ పార్టీ పీవీవీకి 150 సీట్ల దిగువ సభలో 37 వచ్చాయి. అన్ని పార్టీల కంటే ఎక్కువే, కాదనను. కానీ మెజారిటీకి 76 కావాలి. కావాల్సినదాంట్లో సగం కూడా లేదు.

మనకి ఇది వింతగా అనిపించడానికి కారణం మన అలవాటే. మన దగ్గర నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా సీటు వాళ్లదే. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో వైసీపీకి 39 శాతం పైగా ఓట్లు పడినా దక్కినవి 175లో 11 సీట్లు. నెదర్లాండ్స్‌లో సీట్ల పంపకానికి దేశం మొత్తం ఒకే నియోజకవర్గం లాంటిది. ఎంత శాతం ఓట్లో దాదాపు అంత శాతం సీట్లు. విల్డర్స్‌కి 23.5 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు నాలుగో వంతుకి కాస్త తక్కువ వచ్చాయి. ఆ ఎన్నికలో సుమారు 70 వేల ఓట్లకి ఒక సీటు చొప్పున పడింది, అందుకే సభలోకి ఏకంగా 15 పార్టీలు వచ్చాయి. 1918లో ఈ పద్ధతి మొదలైనప్పటి నుంచి ఏ పార్టీకీ ఒంటరిగా మెజారిటీ రాలేదు. 1986లోనూ 1989లోనూ సీడీఏ అనే పార్టీ తెచ్చుకున్న 54 సీట్లే ఇప్పటివరకూ రికార్డు. మనవాళ్లు "హంగ్" అని టెన్షన్ పడే పరిస్థితి వాళ్లకి ప్రతి ఎన్నికలోనూ మామూలే.

మొదటి స్థానం వచ్చినవాళ్లకే ప్రధాని పదవి ఇవ్వాలన్న రూలు కూడా అక్కడ లేదు. ఫార్వర్డ్ రాసినాయన 1977 సంగతి చదివి ఉంటే బాగుండేది. అప్పటి ప్రధాని యోప్ డెన్ ఔల్ లేబర్ పార్టీ సీట్లని 43 నుంచి 53కి పెంచుకున్నాడు. మొదటి స్థానం ఆయనదే, ఊపూ ఆయనదే. సీడీఏతో పొత్తు కోసం నెలల తరబడి చర్చలు నడిచాయి. మంత్రి పదవుల పంపకం దాకా వచ్చి చెడ్డాయి. చివరికి 49 సీట్ల సీడీఏ, 28 సీట్ల వీవీడీ అనే ఇంకో పార్టీ చేతులు కలిపి 77 చేసుకున్నాయి, సీడీఏ నాయకుడు ద్రీస్ వాన్ ఆఖ్ట్ ప్రధాని అయ్యాడు. ఎన్నికలు జరిగిన 208 రోజులకి, 53 సీట్లు తెచ్చుకున్న డెన్ ఔల్ ప్రతిపక్షంలో కూర్చున్నాడు. అప్పుడు నష్టపోయింది వామపక్షం. కాబట్టి ఇదేదో విల్డర్స్ కోసం కొత్తగా పన్నిన కుట్ర కాదు.

అసలు విల్డర్స్‌ని పక్కన పెట్టారన్నదే సగం అబద్ధం. వీవీడీ, ఎన్ఎస్‌సీ, బీబీబీ అనే మూడు పార్టీలతో కలిసి ఆయన పార్టీ 88 సీట్ల కూటమిలో చేరింది. స్పీకర్ కుర్చీ పీవీవీకి చెందిన మార్టిన్ బోస్మాకి దక్కింది. ఆ పార్టీ పుట్టి పెరిగిందే వలసల వ్యతిరేకత మీద, ఆ శాఖ కూడా వాళ్లకే వచ్చింది. రానిది ప్రధాని పదవి ఒక్కటే. తన పొత్తుదారులందరూ ఒప్పుకుంటేనే అది సాధ్యమని 2024 మార్చిలో విల్డర్సే స్వయంగా రాసి పక్కకి తప్పుకున్నాడు. ఆ ప్రభుత్వం ఏర్పడి ఏడాది తిరక్కుండానే, 2025 జూన్ 3న, వలస విధానం మీద పట్టుబట్టి ప్రభుత్వంలోంచి బయటికొచ్చిందీ ఆయనే.

ఇక రాజుగారు. ప్రధానిగా వచ్చిన డిక్ స్కోఫ్ ఎన్నికల్లో నిలబడలేదన్నది నిజం. ఆయన గూఢచార సంస్థకి అధిపతిగా పనిచేసిన ఉన్నతాధికారి. కానీ ఆయన్ని ఎంచుకున్నది ఆ నాలుగు పార్టీలే. రాజు విలెం అలెగ్జాండర్ చేసింది సంతకం పెట్టి ప్రమాణం చేయించడం. ఒకప్పుడు ఈ వ్యవహారంలో రాజకుటుంబానికి చెయ్యి ఉండేది, చర్చలు నడిపే పెద్దమనిషిని రాణి నియమించేది. 2012లో సభ తన నియమాలు మార్చుకుని ఆ పని తన చేతిలోకి తీసుకుంది. ఇంకో సంగతి. మన దగ్గర మంత్రి అయినవాళ్లు ఆరు నెలల్లో చట్టసభ సభ్యులు కావాలి. అక్కడ అందుకు పూర్తిగా తలకిందులు: ఎంపీ మంత్రి అయితే సభలో సీటు వదులుకోవాలి. కాబట్టి సభ్యుడు కానివాడు మంత్రి కావడం అక్కడ ఎవరికీ వింత కాదు. ప్రధానే పార్టీ లేనివాడు కావడం మాత్రం అరుదు, అది ఒప్పుకుంటాను.

541 రోజుల లెక్క నెదర్లాండ్స్‌ది కానే కాదు. అది పక్కనున్న బెల్జియంది, 2010-11 నాటిది. నెదర్లాండ్స్ రికార్డు 299 రోజులు: 2021 మార్చి ఎన్నికల తర్వాత అప్పటి ప్రధాని మార్క్ రుట్టె నాలుగో ప్రభుత్వం 2022 జనవరి 10న ప్రమాణం చేసింది. ఇంత చేసీ గద్దెనెక్కింది మునుపు ఉన్న నాలుగు పార్టీలే! దీన్ని వెక్కిరిస్తే నేనూ కలుస్తాను. కానీ "ప్రభుత్వమే లేదు" అంటే ఒప్పుకోను. పాత మంత్రివర్గం ఆపద్ధర్మ ప్రభుత్వంగా అన్ని రోజులూ ఉంది. సెప్టెంబరులో బడ్జెట్ పెట్టింది. కాబూల్ నుంచి జనాన్ని తరలించడంలో తప్పులు జరిగాయని సభ అభిశంసిస్తే, అదే నెలలో విదేశాంగ మంత్రి సిగ్రిడ్ కాగ్ రాజీనామా చేసింది, మర్నాడు రక్షణ మంత్రీ దిగిపోయింది. లేని ప్రభుత్వంలోంచి మంత్రులు రాజీనామా ఎలా చేస్తారు? అయితే వివాదాస్పదమైన విషయాలని కొత్త ప్రభుత్వం వచ్చేదాకా సభ పక్కన పెట్టేస్తుంది. దాని మూల్యం తక్కువేమీ కాదు. "హాయిగా నడిచింది" అన్నమాటా అందుకే తప్పు.

తలుపులు మూసుకుని మాట్లాడుకుంటారన్న నాలుగో ఆరోపణలో మాత్రం పస ఉంది. 2021 మార్చి 25న పొత్తు చర్చల బాధ్యతలో ఉన్న కైసా ఒలొంగ్రెన్‌కి తనకి కోవిడ్ వచ్చిందని తెలిసింది. హడావుడిగా పార్లమెంటు ఆవరణ బిన్నెన్‌హాఫ్ లోంచి బయటికి నడిచింది. చంకలో కాగితాలు, రాసిన వైపు బయటికి కనిపిస్తూ. ఫొటోగ్రాఫర్ క్లిక్‌మనిపించాడు. పెద్దది చేసి చూస్తే అందులో ఒక వాక్యం: "ఓమ్జిక్ట్, పదవి వేరే చోట". పీటర్ ఓమ్జిక్ట్ అంటే పిల్లల సంరక్షణ భత్యం కుంభకోణాన్ని తవ్వి తీసిన ఎంపీ. ఆ కుంభకోణం మీదే అంతకు రెండు నెలల ముందు రుట్టె ప్రభుత్వం రాజీనామా చేసింది. అలాంటి మనిషిని ఎక్కడికో పంపేయాలని ఎవరన్నారు? నేను ఆయన గురించి మాట్లాడనే లేదన్నాడు రుట్టె. చర్చల నోట్సు బయటపెడితే మాట్లాడాడని తేలింది. సభలో తెల్లవార్లూ చర్చ, అవిశ్వాసం వీగిపోయింది, పదవి పోకుండా గట్టిగా తప్పుపట్టే అభిశంసన మాత్రం నెగ్గింది. రుట్టె బతికి బయటపడ్డాడు. బేరాలు చీకట్లోనే జరుగుతాయి నిజమే, కానీ ఆ చీకట్లో జరిగినదానికి, కాగితం బయటపడ్డ వారానికే ప్రధాని సభ ముందు నిలబడి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఫార్వర్డులో ఈ రెండో సగం ఉండదు.

బాబాయికి ఇదంతా చెప్పి, ఒక్క ప్రశ్న అడిగాను. 2025 అక్టోబరు 29న మళ్లీ ఎన్నికలు వచ్చాయి. డీ66 అనే పార్టీకి 26 సీట్లు, విల్డర్స్‌కీ 26. ఓట్లలో తేడా దేశమంతా కలిపి 30 వేల లోపే. విల్డర్స్‌తో కలిసేది లేదని పెద్ద పార్టీలు పోలింగుకి ముందే చెప్పేశాయి, ఓటర్లు ఆ సంగతి తెలిసే ఓటేశారు. మరి ఫార్వర్డ్ లెక్క ప్రకారం ఈసారి ప్రధాని పదవి ఎవరిది బాబాయ్?