బంకు మీద అలిగితే

పెట్రోల్ ధర పెరిగిన ప్రతిసారీ ఒక మెసేజ్ బయల్దేరుతుంది. ఫలానా తేదీన ఎవరూ బంకుకు వెళ్లొద్దు, ఒక్క రోజు అందరం కొనడం మానేస్తే కంపెనీలు దెబ్బకు దిగొస్తాయి, ఇది మీకు తెలిసిన పది మందికీ పంపండి అని. వాట్సాప్ పుట్టకముందు నుంచే ఇది ఉంది. 1999లో అమెరికాలో ఈమెయిళ్ల మీద ఊరేగిన పిలుపు ఏప్రిల్ 30న పెట్రోల్ కొనొద్దంది. 2007లో మే 15 అని తేదీ మార్చుకుని మళ్లీ వచ్చింది. ముందూ వెనకా ఇంకా ఎన్నో తేదీలు వచ్చాయి, పోయాయి. వాటిలో ఏ ఒక్కదాని వల్లా ధర దిగిన దాఖలా లేదు.

చెరువు మీద అలిగినవాడి సామెత అందరికీ తెలిసిందే. దాని రెండో సగం పత్రికలో అచ్చు వేయలేం గానీ, అలిగినందుకు చెరువుకు వచ్చిన నష్టమేమీ లేదన్నది అందులోని సంగతి.

ఆ మెసేజ్‌ని ఒకసారి నిదానంగా చదివి చూడండి. బండి తీయొద్దని అందులో ఎక్కడా ఉండదు, కొనొద్దనే ఉంటుంది. అంటే ముందు రోజు సాయంత్రం ట్యాంకు నింపుకోవచ్చు, ఆ రోజంతా ఎప్పటిలాగే తిరగొచ్చు, మర్నాడు పొద్దున్నే వెళ్లి మళ్లీ నింపుకోవచ్చు. వారం తిరిగేసరికి కంపెనీ అమ్మిన లీటర్లలో తేడా ఉండదు. బంకులో భూమి కింద ఉన్న సరుకు ఒక్క రోజులో విరిగిపోయే పాలు కాదు, రేపటికీ అమ్ముడవుతుంది. ఆ రోజు చేతులు కట్టుకుని కూర్చునేది పైపు పట్టుకునే కుర్రాడు, లీటరు మీద వచ్చే కాస్త కమీషన్‌తో బంకు నడిపే డీలరు. పెంచిన ధరలో వాళ్ల పాత్ర దాదాపు ఏమీ లేదు.

ఇంకాస్త తెలివైన పిలుపు మరొకటుంది. అందరినీ వదిలేసి ఒక్క పెద్ద కంపెనీని పట్టుకుందాం, దాని బంకులకు వెళ్లడం మానేద్దాం, అది ధర తగ్గిస్తే మిగతావాళ్లూ తగ్గించక తప్పదు అంటుంది. అమెరికాలో ఎక్సాన్, మొబిల్ పేర్లతో ఇలాంటి మెయిళ్లు ఏళ్ల తరబడి తిరిగాయి. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ బోర్డు మీదున్న పేరుకూ, ట్యాంకులో ఉన్న సరుకుకూ సంబంధం మనం అనుకున్నంత గట్టిది కాదు. రిఫైనరీలు ఒకరి దగ్గర ఒకరు కొనుక్కుంటాయి, దూరం కలిసొస్తుందంటే సరుకు మార్చుకుంటాయి. ఒక కంపెనీ బంకును వదిలి జనం పక్క బంకుకు పోటెత్తితే, ఆ పక్క బంకుకు చాలని సరుకు మొదటి కంపెనీ రిఫైనరీ నుంచే టోకున రావచ్చు. మనం మార్చింది క్యూ, అంతే.

పెట్రోల్ ధర గిరాకీని అసలే పట్టించుకోదని మా ఉద్దేశం కాదు. పట్టించుకుంటుంది, కాకపోతే దానికి వినపడే గొంతు వేరు. 2008 జులైలో పీపా 147 డాలర్లు దాటిన ముడి చమురు ఆ డిసెంబరుకు 40 డాలర్ల కిందికి పడింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడి చమురు ఫ్యూచర్స్ ధర, అంటే రాబోయే తేదీన సరుకు అందుకోవడానికి ముందే కుదుర్చుకునే ఒప్పందం ధర, సున్నా దాటి కిందికి జారి మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. కొన్నవాడికే ఎదురు డబ్బిచ్చి, పట్టుకుపో బాబూ అన్నారన్నమాట. మొదటిసారి ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయింది. రెండోసారి కోవిడ్‌తో జనం ఇళ్లలోనే ఉండిపోయారు, విమానాలు నేల మీద నిలిచిపోయాయి. ప్రపంచం రోజుకు తాగే చమురు సుమారు 10 కోట్ల పీపాలు, పీపా అంటే దాదాపు 159 లీటర్లు. అంత పెద్ద బానలో కదలిక రావాలంటే ఖండాలకు ఖండాలు వారాలూ నెలలూ చమురు కాల్చడం తగ్గించాలి. ఆ రెండుసార్లూ ధర దిగింది నిజమే, దానితోపాటు కోట్ల మంది ఉద్యోగాలూ ఊడాయి. అలాంటి చవక ఎవరికి కావాలి?

బహిష్కరణ గురించి మాట్లాడేవాళ్లు తరచూ దాటేసే ప్రశ్న ఇంకొకటి ఉంది. అసలు మానేయగలిగేది ఎవరు? ధర పది శాతం పెరిగితే వెంటనే వాడకం తగ్గేది ఒకటి రెండు, మహా అయితే మూడు శాతమని ఆర్థికవేత్తల లెక్కలు చెబుతాయి. మనుషులకు ధర తెలియక కాదు, వేరే దారి లేక. ఇంటికీ పనికీ మధ్య దూరాన్ని ఒక మెసేజ్ తగ్గించలేదు. బస్సు రాని చోట ఉన్నవాడు, రోజంతా డెలివరీలు తిప్పేవాడు, ఆటో మీద అద్దె కట్టేవాడు, డీజిల్ ఇంజన్‌తో నీళ్లు తోడుకునే రైతు, వీళ్లలో ఎవరు మానేయగలరు? వీళ్లు ఒక రోజు కొనకపోతే ఆ రోజు కూలి పోతుంది. ఇంట్లో కూర్చుని పని చేసుకునే వీలున్నవాడికి, గ్యారేజీలో రెండో బండి ఉన్నవాడికి అది ఒక సెలవు రోజు. ధర ఎవరికి ఎక్కువ నొప్పో వాళ్లే పాల్గొనలేని ఉద్యమం ఇది. పాల్గొనలేదని వాళ్లను తప్పుపట్టే పోస్టులు కూడా కనిపిస్తుంటాయి, అది మరీ అన్యాయం.

అసలు ఈ బాయ్‌కాట్ అనే మాట ఒక మనిషి పేరు. చార్లెస్ బాయ్‌కాట్ ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో ఒక భూస్వామి ఎస్టేటుకు ఏజెంటు. 1880లో పంటలు దెబ్బతింటే కౌలుదార్లు శిస్తులో 25 శాతం తగ్గించమన్నారు, భూస్వామి 10 శాతం అన్నాడు. ఒప్పుకోనివాళ్లను ఖాళీ చేయించడానికి ఏజెంటు నోటీసులు పంపాడు. ఊళ్లోవాళ్లు అతన్ని కొట్టలేదు. పలకరించడం మానేశారు. పనివాళ్లు పనిలోకి రాలేదు, అంగడివాడు సరుకు ఇవ్వలేదు, ఉత్తరాలు అందలేదు. తెలుగులో దీన్ని బహిష్కరణ అనే కన్నా వెలి అంటేనే సరిగ్గా అతుకుతుంది. పొలంలో పంట తీయడానికి బయటి నుంచి 50 మంది కూలీలను, వాళ్లకు కాపలాగా సుమారు వెయ్యి మంది సైనికులను, పోలీసులను దించాల్సి వచ్చింది. సుమారు 500 పౌండ్ల పంటకు 10,000 పౌండ్లు ఖర్చయిందని లెక్క తేల్చారు. ఆ డిసెంబరులో బాయ్‌కాట్ ఐర్లండ్ వదిలి వెళ్లిపోయాడు.

ఇక్కడ గమనించాల్సింది ఆ కౌలుదార్ల కోపాన్ని కాదు. వాళ్లకు ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు, అడగడానికి ఒక అంకె ఉంది, ముగింపు తేదీ మాత్రం లేదు. పెట్రోల్ మెసేజ్‌లో ఉండేది ఆ చివరిదొక్కటే. ఫలానా రోజు అర్ధరాత్రికి అయిపోతుందని ముందే చెప్పి మొదలుపెట్టిన ఒత్తిడికి ఎవరు భయపడతారు? అమెరికాలోని మాంట్‌గోమరీలో సీట్ల దగ్గర చూపే జాతి వివక్ష మీద నల్లజాతి ప్రజలు సిటీ బస్సులు ఎక్కడం మానేసింది 381 రోజులు, 1955 డిసెంబరు నుంచి 1956 డిసెంబరు దాకా. ఆవేశం మీద అన్ని రోజులు నిలబడలేరు. సొంత కార్లను వంతులవారీగా నడిపారు, ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో ఏర్పాటు చేసుకున్నారు, డబ్బు పోగేశారు, మిగిలినవాళ్లు మైళ్లకు మైళ్లు నడిచారు. బస్సు మానేయమన్నవాళ్లే పనికి ఎలా చేరాలో కూడా చూశారు.

పెట్రోల్ కంపెనీ మీద బహిష్కరణ గెలిచిన సందర్భం లేకపోలేదు. 1995లో షెల్ సంస్థ బ్రెంట్ స్పార్ అనే పాత చమురు నిల్వ కట్టడాన్ని అట్లాంటిక్‌లో ముంచేయబోతే పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ అడ్డుపడింది. జర్మనీలో జనం షెల్ బంకులకు వెళ్లడం మానేశారు, కొన్ని చోట్ల అమ్మకాలు బాగా పడిపోయాయి. జూన్ 20న కంపెనీ వెనక్కి తగ్గింది. అందులో మిగిలిపోయిన చమురు గురించి తాము చెప్పిన అంచనా తప్పని గ్రీన్‌పీస్ తర్వాత క్షమాపణ చెప్పుకుంది, అది వేరే కథ. గెలవడానికి కారణం తేలిగ్గానే కనబడుతుంది. ఒక కంపెనీ, ఒక నిర్ణయం, ఆ నిర్ణయం మార్చుకోవడం పూర్తిగా ఆ కంపెనీ చేతిలోనే ఉంది. లీటరు ధర అలా ఒక్కరి చేతిలో లేదు. ముడి చమురు ధర, శుద్ధి చేసేవాడి లాభం, రవాణా, డీలరు కమీషన్, వాటన్నిటి మీద పన్ను, ఇవన్నీ కలిసి వచ్చేది మీటరు మీద అంకె. మనం వెళ్లి నిలబడేది వరుసలో చివరి గుమ్మం ముందు.

ఆ పన్ను సంగతీ అనుకోవాలి. పన్ను శాతంలో ఉంటే ముడి చమురు పెరిగినప్పుడల్లా ఖజానాకు కష్టపడకుండానే రాబడి పెరుగుతుంది, అప్పుడు ప్రభుత్వం కూడా ధర పెరుగుదలలో వాటాదారే. బ్రిటన్‌లో 2000 సంవత్సరంలో లీటరు ధరలో దాదాపు నాలుగింట మూడు వంతులు పన్నే. ఆ సెప్టెంబరులో లారీలవాళ్లు, రైతులు రిఫైనరీల గేట్ల ముందు అడ్డంగా నిలబడితే వారం తిరగకుండా దేశంలో బంకులు ఎండిపోయాయి, నవంబరులో ప్రభుత్వం ఇంధన సుంకం పెంచబోమని ప్రకటించింది. 2018లో ఫ్రాన్స్ కూడా రోడ్లను అడ్డుకున్న పసుపు జాకెట్ల ఉద్యమం తర్వాత ఇంధన పన్ను పెంపును వదులుకుంది. కానీ ఇవి కొనడం మానేసిన ఉద్యమాలు కావు. మిగతావాళ్లను కొననివ్వని, కదలనివ్వని ఉద్యమాలు. అంబులెన్సుకూ ఆసుపత్రికీ టెన్షన్ పెట్టే పోరాటాన్ని, ఫలితం వచ్చిందన్న ఒక్క కారణంతో ఈ పత్రిక మెచ్చుకోలేదు.

ఇంధన ధర మీద జరిగిన బహిష్కరణల్లో అన్నిటికన్నా నిదానంగా చూడాల్సింది మొరాకోది. అక్కడ 2015 చివర్లో ఇంధన ధరల మీద నియంత్రణ ఎత్తేశారు. 2018 ఏప్రిల్ 20న ఫేస్‌బుక్‌లో పేరు లేని పేజీల నుంచి ఒక పిలుపు వచ్చింది. మూడే బ్రాండ్లు, పాలలో సెంట్రాల్ డానోన్, నీళ్లలో సిదీ అలీ, పెట్రోల్‌లో అఫ్రికియా. అఫ్రికియా యజమాని అజీజ్ అఖనూష్ అప్పట్లో వ్యవసాయ మంత్రి. ముగింపు తేదీ లేదు. ఊరేగింపు లేదు కాబట్టి పోలీసులకు ఆపడానికీ ఏమీ లేదు. పాల కంపెనీ కుదేలైంది. దాని మాతృసంస్థ అధిపతి స్వయంగా దిగి వచ్చి జనంతో మాట్లాడాల్సి వచ్చింది, తాజా పాలను లాభం వేసుకోకుండా అమ్ముతామని సెప్టెంబరులో ప్రకటించాల్సి వచ్చింది. ఈలోగా ఆ కంపెనీ రైతుల నుంచి పాల సేకరణ తగ్గించింది, తాత్కాలిక ఉద్యోగులను పంపేసింది. ఇక్కడా దెబ్బ ముందు తగిలింది కిందివాళ్లకే.

పెట్రోల్ కంపెనీ మాత్రం పాల కంపెనీలా వంగలేదు. పాలకు పక్క అరలో ఇంకో ప్యాకెట్ ఉంటుంది, లేదంటే మానేసినా రోజు గడుస్తుంది. పెట్రోల్‌కు పక్క బంకు ఉంది గానీ అక్కడి ధరా అలాగే ఉంది. అఖనూష్ 2021లో ఆ దేశానికి ప్రధానమంత్రి కూడా అయ్యారు.

అయితే కథ అక్కడ ఆగలేదు. కంపెనీలు లీటరు మీద ఎంత మిగుల్చుకుంటున్నాయన్న ప్రశ్న పార్లమెంటులో, పత్రికల్లో, టీ బల్లల దగ్గర నలుగుతూనే ఉంది. ముడి చమురు పెరిగితే బంకులో ధర రాకెట్‌లా లేస్తుంది, తగ్గితే ఈకలా మెల్లగా రాలుతుంది. బ్రిటన్ పెట్రోల్ మార్కెట్‌ను పరిశీలించిన ఆర్థికవేత్త రాబర్ట్ బేకన్ 1991లో దీనికి రాకెట్లు, ఈకలు అనే పేరే పెట్టారు. వినియోగదారుల కోపం పట్టుకోవాల్సిన చోటు ఇదేనని మా అభిప్రాయం. ముడి చమురు ధరను ఏ దేశపు జనమూ ఒంటరిగా దించలేరు. పెరిగినప్పుడు గంటల్లో పెరిగింది, తగ్గినప్పుడు వారాలు ఎందుకు పట్టింది అని అడగడం, జవాబు రాబట్టడం మాత్రం చేతిలో పనే. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2001 నుంచి బంకులు రేపటి ధరను ఈ మధ్యాహ్నమే ప్రభుత్వానికి చెప్పాలి, చెప్పిన ధరను 24 గంటలు మార్చకూడదు. ఆస్ట్రియా 2011లో బంకులు రోజుకు ఒక్కసారి, మిట్టమధ్యాహ్నం 12 గంటలకు మాత్రమే ధర పెంచాలని, తగ్గించడం ఎప్పుడైనా తగ్గించుకోవచ్చని నిబంధన పెట్టింది. జర్మనీలో 2013 నుంచి ప్రతి ధర మార్పూ అప్పటికప్పుడు పోటీ నియంత్రణ సంస్థకు చేరుతుంది, అక్కడి నుంచి జనం ఫోన్లలోకి వస్తుంది. వీటివల్ల పెట్రోల్ చవకైపోయిందని మేం అనడం లేదు. ఏ బంకును వదిలి ఏ బంకుకు వెళ్లాలో తెలిసిన కొనుగోలుదారుడికి రోజూ ఒక చిన్న బహిష్కరణ చేసే వీలుంది, దానికి ఎవరి మెసేజూ అక్కర్లేదు.

మొరాకోలో 2023 నవంబరులో తొమ్మిది ఇంధన కంపెనీలు, పోటీ నిబంధనలను ఉల్లంఘించాయన్న ఆరోపణ మీద, మార్కెట్లో పోటీ సవ్యంగా ఉందో లేదో చూసే పోటీ మండలితో రాజీకి వచ్చి 184 కోట్ల దిర్హమ్‌లు కట్టడానికి ఒప్పుకున్నాయి. బహిష్కరణ ఒక్కటే ఇంతదాకా తెచ్చిందని చెప్పలేం, ఐదేళ్లు ఆలస్యంగా వచ్చిన ఆ డబ్బు కూడా ఖజానాకే పోయింది గానీ లీటర్లు కొన్నవాళ్ల జేబుల్లోకి తిరిగి రాలేదు. కాకపోతే రాజీలో ఇంకో షరతు ఉంది. ఎంతకు కొన్నారు, ఎంత నిల్వ పెట్టారు, ఎంతకు అమ్మారు అన్న లెక్కలు మూడు నెలలకోసారి కంపెనీలు మండలికి ఇవ్వాలి. మండలి వాటిని నివేదికలుగా బయటపెడుతోంది.