ఉంచుకోలేకపోతే నాకే తెచ్చివ్వండి, ఏరు దాటించకండి

పెంచుకుంటామని మా దగ్గర తీసుకెళ్లినవాళ్లు నల్లపిల్లి కాటుకను పుల్లూరు టోల్ గేట్ దగ్గర విడిచిపెట్టి వచ్చారట. ఇందాకే ఫోన్‌లో తెలిసింది, అది కూడా నేను చేస్తే. ఈ నెల ఫొటో పంపలేదేమన్నా, పిల్లి బాగుందా అని అడిగితే "పిల్లి లేదమ్మా, మా కోడలు నీళ్లోసుకుంది, అందుకని వదిలేసొచ్చినాం" అన్నాడు ఆ ఇంటాయన. ఎప్పుడు అంటే పోయిన ఆదివారం. ఎక్కడ అంటే తుంగభద్ర అవతల. "ఆడ హోటళ్లుండాయి, లారీలోళ్లు తింటావుంటారు, ఎంగిలి కూటికి కరువా దానికి" అని తిరిగి నాకే ధైర్యం చెబుతున్నాడు. చేతులు ఇంకా వణుకుతున్నాయి. అయినా ఇప్పుడే రాస్తాను, రేపటిదాకా ఆగితే మీరంతా నన్ను సముదాయించేస్తారు.

కాటుక మీలో చాలామందికి తెలుసు. దాని ఫొటోలకు మీరు పెట్టిన గుండె బొమ్మలు ఇంకా నా పేజీలోనే ఉన్నాయి. కర్నూలు సి క్యాంపు రైతుబజారు బయట ఆటో కింద దొరికిన నల్లపిల్ల. దానితోపాటు మేము వీధిపిల్లుల్ని ఉంచే షెడ్‌కు వచ్చిన తెల్లవి, చారలవి అన్నీ ఇళ్లు చూసుకుని వెళ్లిపోయాయి, ఇది ఒక్కటే మిగిలింది. చూడ్డానికి వచ్చినవాళ్లు బోను ముందు ఒక్క క్షణం నిలబడి "నల్లదా" అని పక్క బోనుకు పోయేవాళ్లు. అన్నం పెడితే వెంటనే తినదు. ముందు నా చేతిని తలతో ఒకసారి నెట్టి, అప్పుడు గిన్నెలో మూతి పెడుతుంది. గొంతు కింద పట్టుమని పది తెల్ల వెంట్రుకలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం కాబట్టి ఎడమ చెవి కొస కత్తిరించి ఉంటుంది. అటువైపు వెళ్లేవాళ్లు, అలంపూర్ జోగులాంబ గుడికి పోయేవాళ్లు, టోల్ గేట్ దగ్గర టీకి ఆగినప్పుడు ఒక్కసారి లారీల కింద, హోటళ్ల వెనక చూడండి. ఈ సాయంత్రం మేమూ టార్చి లైట్లు తీసుకుని పోతున్నాం.

ఏరు దాటిస్తే పిల్లి తిరిగి రాదని మన పెద్దవాళ్లు చెప్పింది ఈ ఊళ్లో ఎంతమంది పాటిస్తారో నాకు బాగా తెలుసు. బ్రిడ్జి దాటితే వేరే రాష్ట్రం. సంచిలో వేసుకుని బండి మీద పది నిమిషాలు పోతే పీడ వదిలిందనుకుంటారు. పిల్లి తిరిగి రాకపోవడానికి కారణం ఏరు కాదు, అది దారిలోనే చచ్చిపోతుంది. తను పెరిగిన చోటును వాసనతో గుర్తుపెట్టుకునే ప్రాణి అది. తెలియని చోట దింపేస్తే ముందు ఏదో సందులో దూరి కదలదు, తినదు. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే లివర్ దెబ్బతింటుంది. ఆ తర్వాత బయటికొచ్చి ఇల్లు వెతుక్కుంటూ నడుస్తుంది. నడిచే దారి ఏది? హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే నలభై నాలుగో నంబర్ హైవే. ఆ లారీల మధ్యకు పంపించి, ఎంగిలి కూడు దొరుకుతుందని నాకు చెబుతాడా ఆయన!

కోడలి విషయానికి వస్తాను. పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే బిడ్డకు మంచిది కాదని ఎవరో చెప్పారట. ఎవరు చెప్పారు? డాక్టరమ్మ చెప్పలేదు, పక్కింటామె చెప్పింది. వెంట్రుకతో కడుపులో బిడ్డకు ఏ రోగమూ రాదు. డాక్టర్లు జాగ్రత్త చెప్పేది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. అది పిల్లి మలంలో ఉండొచ్చు, నిజమే. కానీ పిల్లికి మొదటిసారి సోకినప్పుడు ఒకటి రెండు వారాలు మాత్రమే అలా బయటికి వస్తుంది. వచ్చాక కూడా కనీసం ఒక రోజు గడిస్తే తప్ప మనిషికి అంటుకునే స్థితికి రాదు. ఇంట్లో వేరే ఎవరైనా చేతికి గ్లౌజు వేసుకుని పిల్లి దొడ్డికి కూర్చునే ఇసుక పెట్టెను రోజూ శుభ్రం చేస్తే సరిపోతుంది. అదే పరాన్నజీవి సరిగ్గా ఉడకని మాంసం నుంచి, కడగని ఆకుకూర నుంచి, పెరట్లో మట్టి నుంచి కూడా వస్తుంది. గడప దాటకుండా ఉడికించిన చికెన్ తినే పిల్లికి అది సోకే అవకాశమే తక్కువ. ఇదంతా పిల్లిని ఇచ్చిన రోజే చెప్పాను, ఎందుకంటే ఆ ఇంట్లో కొత్త కోడలు ఉందని నాకు తెలుసు. తలూపారు. కోడలు పిల్ల దాన్ని ఒళ్లో పెట్టుకుని ఫొటో కూడా దిగింది.

కాగితం మీద సంతకం కూడా పెట్టారు. ఏ కారణం చేతనైనా ఉంచుకోలేకపోతే మాకే తిరిగి ఇస్తాం, బయట వదలం అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. షెడ్‌కు, వాళ్లింటికి మధ్య దూరం టోల్ గేట్ కన్నా తక్కువ. ఒక్క ఫోన్ చేస్తే నేనే వచ్చి తీసుకెళ్లేదాన్ని. "మీకెందుకు ఇబ్బంది అనుకున్నాం" అంటాడు. తిరిగి తెచ్చిస్తే నేను తిడతానని భయం, అంతే. నా ముందు మొహం చెల్లదని ఒక ప్రాణాన్ని హైవే మీద దింపొచ్చారు.

కేసు పెడతావా అని అప్పుడే ఒకరిద్దరు మెసేజ్ చేశారు. పెట్టొచ్చు. పెంపుడు జంతువును ఆకలి దప్పులకు వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే, పదకొండో సెక్షన్‌లో ఉంది. మొదటిసారి చేసినవాళ్లకు జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయల నుంచి యాభై రూపాయలు. రాజ్‌విహార్ నుంచి ఇంటికి ఆటోకు అంతకన్నా ఎక్కువ అవుతుంది. ఆ చట్టం వచ్చినప్పుడు పుట్టినవాళ్లు రిటైర్ అయి మనవళ్లను ఎత్తుకుంటున్నారు, జరిమానా మాత్రం అక్కడే ఉంది.

ఇక మీ దగ్గరికే వస్తున్నాను. నా పోస్టుల కింద "అయ్యో పాపం" అని రాసేవాళ్లకు, "దేవుడు మిమ్మల్ని చల్లగా చూస్తాడక్కా" అనేవాళ్లకు, "మా వీధిలో ఇంకో మూడున్నాయి, వచ్చి తీసుకెళ్లండి" అని లొకేషన్ పంపేవాళ్లకు. ఎక్కడికి తీసుకెళ్లాలి? మాకున్నది నలుగురు స్నేహితులం కలిసి అద్దెకు తీసుకున్న రేకుల షెడ్. బయట 42 డిగ్రీలుంటే లోపల ఎంతుంటుందో ఊహించుకోండి. గోనెపట్టాలు తడిపి కిటికీలకు వేలాడదీస్తాం, గంటకే ఎండిపోతాయి, మళ్లీ తడుపుతాం. వేసవి వచ్చిందంటే పిల్లికూనలతో అట్టపెట్టెలు గేటు ముందు ప్రత్యక్షమవుతాయి. ఆడపిల్లికి నాలుగైదు నెలల వయసుకే చూలు కట్టొచ్చు. తొమ్మిది వారాల్లో ఈనుతుంది, ఆ పిల్లలు పాలు మానకముందే మళ్లీ కట్టొచ్చు. ఆపరేషన్ చేయించండి అని నెత్తీ నోరూ కొట్టుకుంటే "పాపం తగులుతుంది" అంటారు. పెట్టెలో పెట్టి నా గేటు ముందు వదిలితే తగలదా?

అన్నిటినీ ఒకే చోట కుక్కితే ఏమవుతుందో చెప్తాను, ఎందుకంటే తాత్కాలికంగా ఒక ఇల్లు దొరకడం ఎంత ముఖ్యమో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది. పిల్లులకు ప్యాన్‌ల్యూకోపీనియా అని ఒక వైరస్ జబ్బు ఉంది. వాంతులు, విరేచనాలు, మూడోరోజుకు పిల్ల చేతిలో చల్లబడిపోతుంది. ఆ వైరస్ గోడల్లో, గుడ్డల్లో ఏడాది దాకా బతికుంటుంది. బ్లీచింగ్‌తో కడిగితే పోతుంది. మనం అన్నిటికీ వాడే ఫినాయిల్ మాత్రం పిల్లులకే విషం, నేల మీద పడింది కాళ్లకంటుకుని నాకి చచ్చిపోతాయి, దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. టీకా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి డోసు, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాలు నిండేదాకా. ఆ మధ్య కాలంలోనే పిల్లలు పోతాయి. ఆ కాలం గడిచేదాకా వేరే పిల్లులు లేని ఒక ఇంట్లో, ఒక గదిలో ఉంటే బతుకుతాయి. నేను అడిగేది అదే. జీవితాంతం పెంచమనడం లేదు. వాడకుండా ఉన్న స్టోర్ రూమ్, మిద్దె మీద గది, అవి కొన్ని వారాలు ఇవ్వండి అంటున్నాను.

పాతబస్తీలో ఒక పెద్దావిడ ఉంది. మేమంతా అమ్మీజాన్ అంటాం. ఉండేది రెండు గదుల ఇల్లు, కంటిచూపు తగ్గింది. అయినా కళ్లు తెరవని పిల్లలు వస్తే మాకు మొదట గుర్తొచ్చేది ఆమే. ముందు వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పిల్లను పక్కన పడుకోబెడుతుంది, ఒళ్లు వెచ్చబడ్డాకే పాలు. చల్లగా ఉన్న పిల్లకు పాలు పడితే అరగవు. బోర్లా పడుకోబెట్టి, తల కొంచెం పైకి పట్టుకుని సిరంజితో చుక్క చుక్కగా పోస్తుంది. పసిబిడ్డను పట్టినట్టు వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆవుపాలు పోయదు, విరేచనాలు పట్టుకుంటాయి. తర్వాత తడి దూదితో కింద తుడిస్తే గాని పిల్ల మూత్రం పోయలేదు, తల్లి నాలుకతో చేసే పని అది. రోజూ వంటింటి కాటాలో తూచి, పది గ్రాములు పెరిగిందా లేదా అని మనవరాలితో గోడ మీద రాయిస్తుంది. ఆవిడ చేయగలిగింది, మూడు పడక గదుల ఇళ్లలో ఉన్న మీరు చేయలేరా?

మూడు పడక గదులంటే గుర్తొచ్చింది. మేము ఇదివరకు అద్దెకున్న అపార్ట్‌మెంట్ సంగతి చాలామందికి చెప్పలేదు, ఈ రోజు చెప్తాను. పేరు రాయను, ఆ కమిటీవాళ్లు చదివితే వాళ్లకే అర్థమవుతుంది. కార్ల మీద అక్కడి వీధిపిల్లుల కాలిముద్రలు పడుతున్నాయని మీటింగ్ పెట్టారు. కారు మీద ముద్రలు! నేను లేచి అన్నిటికీ ఆపరేషన్ చేయిస్తాను, ఖర్చు కూడా నేనే పెట్టుకుంటాను, కొంత టైమ్ ఇవ్వండి అన్నాను. "అట్లే చేద్దాం మేడం" అన్నారు, టీ తాగారు, సమోసాలు తిన్నారు. మరుసటి రాత్రే మనిషిని పిలిపించి గోనెసంచుల్లో కట్టించి పంపేశారు. ఎటు పంపారో వాచ్‌మన్ చెప్పాడు, అదే ఏరు అవతలికి. ఆ సంచుల్లో ఒక బాలింత పిల్లి ఉంది. దాని పిల్లలు జనరేటర్ వెనక ఉన్నాయని ఎవరికీ తెలియదు. తెల్లవారుజామున కీచుమని అరుపులు వినిపించి కిందికి దిగి చూస్తే నాలుగు పిల్లలు, ఇంకా చెవులు కూడా నిక్కలేదు, ఆయిల్ మరకల మధ్య ఒకదాని మీద ఒకటి ఎక్కి తల్లి కోసం తడుముకుంటున్నాయి. తల్లి లేకుండా రాత్రంతా ఉన్నాయి. అందులో ఒక్కటి బతికింది. కమిటీ పెద్దాయనకు తీసుకెళ్లి చూపిస్తే "ప్రకృతి ధర్మం మేడం" అన్నాడు. సంచి తెచ్చింది ప్రకృతా? ఇప్పటికీ ఆయన గుడిలో ఎదురైతే నేను మొహం తిప్పుకుంటాను, జీవితాంతం తిప్పుకుంటాను.

వాళ్లలోనే ఒకాయన తర్వాత కూతురి పుట్టినరోజుకు పర్షియన్ పిల్లి కొన్నాడు. ముక్కు చప్పిడి జాతి, మామూలుగానే ఊపిరి పీల్చుకోవడం కష్టం, ఒళ్లంతా దట్టమైన బొచ్చు. దాన్ని కర్నూలు ఎండలో బాల్కనీలో కట్టేశారు. జుట్టు ఉండలు కట్టి, కళ్లు పుసులు కారుతుంటే, సెలవులకు ఊరు పోతున్నాం మీరు ఉంచుకుంటారా అని నాకే ఫోన్ చేశాడు. ఉంచుకున్నాను, పిల్లి ఏం తప్పు చేసింది? సెలవులు అయిపోయి చాలా కాలమైంది, అడగడానికి కూడా రాలేదు. వేలకు వేలు పోసి కొన్నదాన్నే అలా వదిలేస్తే, ఉచితంగా ఇచ్చిన నల్లపిల్లిని టోల్ గేట్ దగ్గర వదలడం వింతేముంది.

ఇక మీద నేను పిల్లిని ఇచ్చేముందు ఇంటికి వచ్చి చూస్తాను. బాల్కనీకి జాలీ ఉందో లేదో చూస్తాను, ఇంట్లో పెద్దవాళ్లతో, కోడళ్లతో, అద్దె ఇల్లయితే ఓనర్‌తో నేనే మాట్లాడతాను. ఆమె మరీ చాదస్తం, ఆడపిల్లకు సంబంధం చూసినంత హడావిడి చేస్తుంది అని వెనక అనుకుంటున్నారని విన్నాను. అనుకోండి. పెరుగన్నం పెట్టి పెంచుతాం, మాంసం ముట్టం అనేవాళ్లకు ఇవ్వను. మీ పద్ధతి మీద నాకు గౌరవమే, కానీ టారిన్ అనే పోషకం మాంసంలోనే దొరుకుతుంది, అది లేకపోతే పిల్లికి చూపు పోతుంది, గుండె జబ్బు వస్తుంది. బర్త్‌డే గిఫ్ట్‌గా అడిగేవాళ్లకు ఇవ్వను. ఎలుకలు పడుతుందని గోడౌన్‌కు అడిగేవాళ్లకూ ఇవ్వను.

ఇప్పుడు షెడ్‌లో ముందుగా కదల్చాల్సినవి: బిస్కెట్ల అట్టపెట్టెలో వచ్చిన మూడు పిల్లలు, వారం క్రితమే కళ్లు తెరిచాయి, రాత్రిపూట కూడా లేచి పాలు పట్టగలిగేవాళ్లు కావాలి. మూడు రంగుల తల్లిపిల్లి ఒకటి, ఆపరేషన్ అయింది, మనుషుల్ని చూస్తే వచ్చి కాళ్లకు రుద్దుకుంటుంది, దానికి శాశ్వతంగా ఇల్లు కావాలి. ఒక కన్ను పోయిన పసుపు మగపిల్లి, కుక్కలంటే భయం, కుక్క ఉన్న ఇంటికి వద్దు. పాలపొడి, సిరంజిలు, ఇసుక పెట్టె, మందులు, డాక్టర్ ఖర్చు అన్నీ మావే. వెంకటరమణ కాలనీ, బుధవారపేట, నంద్యాల చెక్‌పోస్ట్ చుట్టుపక్కల వాళ్లయితే రోజూ ఎవరో ఒకరం వచ్చి చూసి వెళ్తాం. గది ఉందని ఒక్క మాట ఇన్‌బాక్స్‌లో రాయండి. కుదరకపోతే కుదరదని కూడా రాయండి, తిట్టను. తీసుకున్నాక మధ్యలో వల్ల కాకపోతే ఏ అర్ధరాత్రయినా ఫోన్ చేయండి, బండి వేసుకుని వస్తాను.