పేరు రాయనక్కర్లేదు

గత ఏడాది సద్దుల బతుకమ్మకు ముందు హనుమకొండలోని మా కాలనీ సంఘం తెలుసుకోవలసింది ఒక్కటే సంగతి: ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతుంటే కూర్చుని చూసే పెద్దల కోసం ఎన్ని కుర్చీలు కిరాయికి తేవాలి. విశ్రాంత లెక్కల ఉపన్యాసకుణ్ణి కనుక ఆ ప్రశ్నను కాగితం మీద పెట్టే పని నాకు అప్పగించారు. నేను రెండు నిమిషాల్లో రాసి ఇచ్చాను. దాని మీద సమావేశం మాత్రం రెండు గంటలు సాగింది.

“ఎట్లాగూ ఇంటింటికీ పోతున్నం గద సార్, ఇంకో రెండు ముచ్చట్లు అడిగితే ఏం పోతది?” అని అధ్యక్షులవారు అనడంతో పుట్టిన తేదీ చేరింది. ఆపదలో అక్కరకొస్తుందని కోశాధికారి రక్తం గ్రూపును, చక్కెర వ్యాధినీ చేర్పించగా, కుర్చీల గట్టితనాన్ని బట్టి బేరం చేయవచ్చని మరొకరు బరువును చేర్పించారు. పెళ్లీడుకొచ్చిన కూతురున్న ఒకాయన గోత్రం కూడా అడుగుదామని మెల్లగా ప్రతిపాదించినప్పుడు ఎందుకని ఎవరూ అడగలేదు. అవసరమైన మేరకే వివరాలు తీసుకోవాలని 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం చెబుతున్నదని నేను గుర్తుచేస్తే, 2024లో సర్కారు ఇంటింటి సర్వేలో 75 ప్రశ్నలు అడిగినప్పుడు మనం 31 అడగడం తక్కువే కదా అన్నారు. సర్కారు లెక్కిస్తున్నది కుర్చీలను కాదు కదా అని అనబోయి, చాయ్ రావడంతో ఊరుకున్నాను.

చివరకు పేరూ ఫోను నంబరూ తీసేయడానికి, చివర సలహాల కోసం ఒక గడి ఉంచడానికి రాజీ కుదిరింది. పుట్టిన తేదీ, లింగం, అయిదంకెల పిన్‌కోడు ఈ మూడూ తెలిస్తే అమెరికాలో నూటికి 87 మందిని విడిగా గుర్తించే వీలున్నదని లటాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 2000లో లెక్కగట్టిన సంగతి నేనే ఒకప్పుడు తరగతిలో చెప్పినవాణ్ణి. అయినా పేరు లేదన్న ధైర్యంతో సలహాల గడిని నిండుగా నింపాను. మా మూడో గల్లీలో ఉన్నవే పదకొండు ఇళ్లన్న సంగతి అప్పుడు తట్టలేదు.

దాపరికం ఉండకూడదని అధ్యక్షులవారు కాగితాలన్నీ మైకులో చదివారు. రెండో గల్లీలో ఒక తల్లికీ కొడుక్కీ నడుమ పన్నెండేళ్లే తేడా తేలినప్పుడు అందరితోపాటు నేనూ నవ్వాను. తర్వాతి కాగితం వచ్చింది.

“మగ. అరవై ఎనిమిదేండ్లు. మూడో గల్లీ. తొంభై ఒక్క కిలోలు. చక్కెర ఉన్నది. పాత చేతక్ స్కూటర్.”

జనమంతా వెనక్కి తిరిగి నన్ను చూస్తున్నా ఆయన ఆపలేదు.

“సలహా: ఆటకు ముందు అధ్యక్షుల ఉపన్యాసం తగ్గిస్తే సగం కుర్చీల అవసరమే ఉండదు.”

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు తప్ప, ఒక్క మాట అనలేదు. సద్దుల నాడు మాత్రం గేటు దగ్గరే ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

“రాండ్రి సార్. ముందటి వరుసల మీకే మొదటి కుర్చీ ఏయించిన, మైకు పక్కకే. గట్టిది చూసి తెప్పించిన.”