దావత్ మనది, నోరు బిడ్డది

తొట్టెల, అన్నప్రాసన, పుట్టెంట్రుకలు, మొదటి పుట్టినరోజు. నల్లగొండ అయినా పాలమూరు అయినా, ఏడాది తిరిగేలోపు ఒక బిడ్డ పేరు మీద మూడు నాలుగు దావత్‌లు జరుగుతాయి. ప్రతి దావత్‌లోనూ వచ్చినవాళ్లు వచ్చినట్టు బిడ్డ నోట్లో ఇంత తీపి పెట్టి పోతారు. ఈ అలవాటు ఆగాలి. రెండేళ్లు నిండేదాకా పూర్తిగా ఆగాలి. ఆపే బాధ్యతను కూడా బాలింత నెత్తిన వేయొద్దు. అది ఇంటి పెద్దలు మోయాల్సిన పని.

వైద్యులు ఏం చెబుతున్నారో చాలామందికి తెలిసిందే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు రెండేళ్లలోపు పిల్లల ఆహారంలో చక్కెర కలపొద్దన్నాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 6 నుంచి 23 నెలల పిల్లలకు తీపి పదార్థాలు, తీపి పానీయాలు వద్దంది. తేనె విషయం ఇంకా గట్టిది. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకిస్తే బోటులిజం సోకే ప్రమాదం ఉంది. అది కండరాలను చచ్చుబడేసే జబ్బు. అరుదుగానే వస్తుంది, కానీ వస్తే ఊపిరి మీదికి తెస్తుంది. ఆరో నెల వరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేని బిడ్డకు ఇరవయ్యొకటో నాటి తొట్టెలలో తేనె దేనికి?

ఇంత తెలిసినా దావత్‌లో ఎందుకు ఆగడం లేదన్నది అసలు ప్రశ్న. మన ఫంక్షన్ హాళ్లలో ఏం జరుగుతుందో చూడండి. స్టేజీ మీద బిడ్డను ఎత్తుకుని తల్లి నిలబడుతుంది. వరుసలో మేనమామ, మేనత్త, చిన్నాయన, పక్కింటి పెద్దమ్మ, సర్పంచ్ సాబు, తండ్రి ఆఫీసు దోస్తులు. కవరు చేతిలో పెట్టి, ఫొటోకు నిలబడి, ఇంత కేకో లడ్డు ముక్కో బిడ్డ నోటికి అందిస్తారు. బిడ్డ మొహం తిప్పుకుంటే పెదవులకు రాస్తారు, ఫొటోగ్రాఫర్ ఇంకోసారి పెట్టమంటాడు. తల్లి వద్దందా, పక్కనుంచి వెంటనే మాట పడుతుంది: "గింత చెంచకు ఏమైతది బిడ్డా, జర నోరు తీపి చెయ్యనీయి." ఇంకా గట్టిగా వద్దంటే, "చదువుకున్న కోడలు వచ్చింది, మనం పిల్లల్ని పెంచనట్టే మాట్లాడుతది" అని వెనక గుసగుస. ఆ గుసగుస దావత్‌తో పోదు, మళ్లీ పండుగ దాకా ఇంట్లో తిరుగుతుంది.

అక్కడ ఆ తల్లికి అధికారం లేదు. పిల్లల డాక్టరు సలహా చీటీలో ఉంటుంది, అంగన్వాడీ టీచర్ చెప్పింది చెవిలో ఉంటుంది, నలుగురి ముందు నోరు మాత్రం పెగలదు. అయినా మన ఆరోగ్య ప్రచారమంతా ఆమెనే ఉద్దేశించి సాగుతుంది. తల్లులారా ఇది చేయండి, తల్లులారా అది మానండి అని. ఏం పెట్టాలో ఏం పెట్టొద్దో నిర్ణయించేది ఆమె కానప్పుడు ఆమెకు ఎంత చెప్పినా దండగే. ఇరవై మూడేళ్ల కోడలు వద్దంటే పొగరు అంటారు. అదే మాట ఇంటి పెద్దావిడ అంటే నియమం అయిపోతుంది. "మా పిల్లకు రెండేళ్ల దాకా చక్కెర పెట్టం, దీవించి పోండి" అని నాయనమ్మ ఒక్కసారి అంటే స్టేజీ మీద లడ్డు పట్టుకున్న చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది. అందుకే నేను అడుగుతున్నది అత్తగార్లను, మామగార్లను, మేనమామలను. మేనమామ మాటకు పుట్టెంట్రుకల నాడు ఉన్నంత బరువు ఇంకెప్పుడూ ఉండదు. ఆ బరువును బిడ్డ కోసం వాడాలి.

ఇది మన ఆచారం, తాతల నాటి నుంచి ఉందనేవారు ఒకటి గమనించాలి. ఆ ఆచారం పుట్టిన నాడు ఇంట్లో తీపి ఎంత ఉండేది? పాలమూరు మెట్ట ఊళ్లలో జొన్న గట్క, అంబలి తిని బతికిన ఇళ్లలో తీపి అంటే ఉగాదికి పోలెలు, సద్దుల బతుకమ్మకు మలీద ముద్దలు, సంక్రాంతికి అరిసెలు. చక్కెర కోటా దుకాణంలో కార్డు మీద తూచి ఇచ్చేవారు. అలాంటి ఇంట్లో బిడ్డ నాలుకకు రవ్వంత బెల్లం తాకించడం అంటే ఇంట్లో ఉన్న అపురూపమైన దాన్ని ఆ బిడ్డకు ఇవ్వడం. ఆ ప్రేమను నేను కాదనను. ఇప్పుడు అపురూపం ఏముంది? పొద్దున చాయ్‌లో చక్కెర, బిస్కెట్టులో చక్కెర, కిరాణా కొట్టు ముందు వేలాడే ప్యాకెట్లలో చక్కెర. వారానికో ఫంక్షన్, ఫంక్షన్‌కు మూడు రకాల మీఠా. రోజులు ఇంత మారినా ఆచారం పేరు చెప్పి బిడ్డ నోట్లో పెడుతున్నాం.

మేమంతా చక్కెర నీళ్లు తాగే పెరిగాం, మాకేమైంది అన్నది అవతలివారి మాట. ఏమైందో చుట్టూ చూస్తే తెలుస్తుంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి మధుమేహ అధ్యయనం (ఐసీఎంఆర్-ఇండియాబ్) దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని లెక్కగట్టింది. షుగర్ గోలీ వేసుకుని దావత్‌కు వచ్చిన తాత తన ఆకులోంచి గులాబ్ జామూన్ తీసి మనవడి నోట్లో పెడుతున్నాడు. ఇక ఒక్క చెంచా వాదన. ఒక్కరికి ఒక్క చెంచానే, నిజం. దావత్‌కు వచ్చింది ఒక్కరా?

నన్ను బాగా కదిలించింది 2024లో 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం. రెండో ప్రపంచ యుద్ధం తెచ్చిన చక్కెర రేషన్‌ను బ్రిటన్ 1953 సెప్టెంబరులో ఎత్తేసింది. ఏడాది తిరిగేసరికి జనం తినే చక్కెర దాదాపు రెట్టింపైంది. రేషన్ ఉండగా పుట్టినవారిని, ఎత్తేశాక పుట్టినవారిని పరిశోధకులు పోల్చి చూశారు. కడుపులో పడినప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా రేషన్ కాలంలో గడిపినవారికి పెద్దయ్యాక టైప్ 2 మధుమేహం వచ్చే ముప్పు దాదాపు 35 శాతం, రక్తపోటు ముప్పు 20 శాతం తక్కువగా ఉన్నాయి. ఘనాహారం మొదలయ్యే ఆరో నెల దాటాక కూడా రేషన్ కొనసాగినవారిలో ఈ మేలు మరింత బలంగా కనిపించింది. సరిగ్గా మనం అన్నప్రాసన చేసే వయసు అది. ఆ పిల్లలను ఎవరూ పనిగట్టుకుని కాపాడలేదు. దేశంలో చక్కెర తక్కువగా ఉంది, అంతే. అరవై ఏళ్ల వయసులో కూడా దాని ఫలం వాళ్ల ఒంట్లో కనిపించింది.

పసితనంలో ఒంట్లోకి పోయింది ఎక్కడికీ పోదన్న సంగతి నల్లగొండకు ఇంకొకరు చెప్పాలా? మర్రిగూడ, మునుగోడు వైపు తరాల తరబడి పిల్లలు తాగిన ఫ్లోరైడ్ నీళ్లు వాళ్ల పళ్ల మీద మచ్చలై, ఎముకల్లో వంకరై మిగిలాయి. ఫ్లోరైడ్ తొలగించే ఒక పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టారు. ఆ నీళ్లు తప్పించుకునే దారి ఆ తల్లిదండ్రులకు లేదు. చక్కెర విషయంలో మనకు దారి ఉంది, పైసా ఖర్చు లేదు.

కడుపు సంగతి కూడా చూడాలి. తల్లిపాలు తాగే ఏడెనిమిది నెలల బిడ్డకు పై తిండి నుంచి రోజుకు కావాల్సింది దాదాపు 200 కేలరీలు. ఒక గులాబ్ జామూన్, కొంచెం పాయసం, కేకు మీది క్రీమ్ కలిస్తే అందులో పెద్ద వంతు అయిపోతుంది. పప్పుకు, గుడ్డుకు, ఆకుకూరకు ఇక చోటేదీ? అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 6 నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 100 మందికి 70 మంది రక్తహీనతతో ఉన్నారు. బెల్లంలో ఐరన్ ఉందిగా అంటారు. బిడ్డ తినే రవ్వంత బెల్లంతో వచ్చే ఐరన్ లెక్కలోకి రాదు, పంటికి మాత్రం అది చక్కెరతో సమానమే.

దీవించాలంటే దారులు లేవా? అక్షింతలు వేయండి. అన్నప్రాసన పళ్లెంలో మెత్తగా మెదిపిన పెసరపప్పు అన్నం, నెయ్యి పెట్టండి. దేవుడి ముందు పెట్టిన పరమాన్నం పెద్దలు తినొచ్చు. తీపి కావాలంటే పండు ఉంది. పాలమూరు జిల్లా బాలానగర్ పేరుతో దేశమంతా తెలిసిన సీతాఫలం రకమే ఉంది. గింజలు తీసేసి, గుజ్జు చేతితో మెదిపి పెట్టండి. ఎండాకాలమైతే కొల్లాపూర్ మామిడి. రసం వద్దు, డబ్బా జ్యూస్ అసలే వద్దు.

ఇక్కడ సర్కారును కూడా అడగాల్సింది ఉంది. అంగన్వాడీల్లో ఏడో నెల నుంచి మూడేళ్ల పిల్లలకు ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనెతో పాటు చక్కెర కూడా ఒక దినుసు. పేదింటి బిడ్డకు నెలనెలా అందే మంచి తిండి అది, దాన్ని తీసేయమని ఎవరూ అనరు. కానీ చక్కెర వద్దని హైదరాబాద్‌లోని పోషకాహార సంస్థ చెబుతుంటే, అదే హైదరాబాద్ నుంచి వచ్చే పొట్లంలో చక్కెర ఎందుకుండాలి? కంపెనీల సంగతీ అంతే. మన దేశంలో అమ్మే పసిపిల్లల ఆహారం సెరెలాక్‌లో చక్కెర కలుపుతున్నారని, యూరప్‌లోని కొన్ని దేశాల్లో అమ్మేదాంట్లో కలపడం లేదని స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ అనే స్వచ్ఛంద సంస్థ 2024 ఏప్రిల్‌లో బయటపెట్టినప్పుడు మనమంతా కోపగించుకున్నాం. ఆ కోపం సరైనదే. ఆ ప్రశ్నను మన సర్కారు పొట్లానికి కూడా వేయాలి.

అంగన్వాడీలు ఊరి మధ్యలో సామూహిక అన్నప్రాసనలు చేస్తాయి. ఎమ్మెల్యేలు, కలెక్టర్లు వచ్చి స్వయంగా బిడ్డకు తినిపిస్తారు, మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. వచ్చే సెప్టెంబరు పోషణ మాసంలో నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, సూర్యాపేట, వనపర్తి కలెక్టర్లు ఆ చెంచాలో పప్పన్నం పెట్టించాలి. బాలింతలను పిలిచే సమావేశానికి వాళ్ల అత్తగార్లను కూడా పిలవాలని, చక్కెర మాట ముందు వాళ్లకే చెప్పాలని అంగన్వాడీలకు రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలి.